ఎవరి నడకను బట్టి నడవాలి?

ప్రశ్న: ఈ సెలవుల్లో సముద్రం పక్కనున్న ఒక ఎత్తైన కొండ అంచు దాకా ట్రెక్‌కి వెళ్దామని అనుకున్నాం. మొత్తం తొమ్మిది మందిమి. నేను, మావారు, పద్నాలుగేళ్ళ బాబు, ఏడేళ్ళ పాప, 66 ఏళ్ళ మా అమ్మ, 70 ఏళ్ళ మావయ్యగారు, మా ఆడపడుచు, మా తమ్ముడు, మరదలు. ఒకవైపు ఆరు కిలోమీటర్ల నడక, ఎక్కాల్సిన ఎత్తు మొత్తం 450 మీటర్లు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. మావయ్యగారు బీపీ మాత్రలు వేసుకుంటారు, అయినా ‘నాకేం, మీకంటే బాగా నడుస్తాను’ అంటారు. మా ఆడపడుచుకి ఎత్తంటే భయం, ఆ మాట మీద అందరూ ఆమెని ఆటపట్టిస్తున్నారు. తమ్ముడికి రోజూ పరిగెత్తే అలవాటుంది. వచ్చేటప్పుడు కొండ కింద బీచ్ మీదుగా వస్తే రెండు కిలోమీటర్లు కలిసొస్తుందని అంటున్నాడు. దారిలో రెండున్నర కిలోమీటర్ల దగ్గర చెట్ల నీడన చదునైన చోటు ఒకటుంది. అక్కడి నుంచి కూడా సముద్రం కనిపిస్తుంది. పాపని, అమ్మని అక్కడ కూర్చోబెట్టి మిగతావాళ్ళం పైకి వెళ్దామని మావారన్నారు. అమ్మ ముఖం చిన్నబోయింది. ‘నేనసలు రానులే, మీకు అడ్డం’ అంది. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. అసలు మానేద్దామా? వెళ్తే ఎవరిని ఆపాలి, ఆ మాట ఎలా చెప్పాలి?

సమాధానం:

మానేయకండి. మూడు తరాలు కలిసి ఒక రోజంతా నడవడమనేది మళ్ళీ మళ్ళీ కుదిరే పని కాదు. అయితే ఎవరిని ఆపాలి అన్న ప్రశ్నకి ముందు, మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంతో దాటేసిన సంగతి గురించి మాట్లాడాలి. అది మీ తమ్ముడు చెప్పిన బీచ్ దారి. మీ ఇంట్లో చర్చంతా మోకాళ్ళ చుట్టూ, బీపీ చుట్టూ తిరుగుతోంది. నాకు మాత్రం మీ ప్లాన్ మొత్తంలో నిజంగా భయం కలిగించింది ఆ రెండు కిలోమీటర్ల కలిసొచ్చే దారే.

చాలా తీరాల్లో సముద్రానికి రోజుకి రెండుసార్లు పోటు (నీరు పెరగడం), రెండుసార్లు ఆటు (నీరు తగ్గడం) ఉంటాయి. ఒక పోటుకి, తర్వాతి పోటుకి మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందువల్ల పోటు వచ్చే వేళ రోజూ ఓ 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. ‘మేం వెళ్ళినప్పుడు మధ్యాహ్నం ఇసుకంతా బయటే ఉంది’ అని ఎవరైనా చెప్పినా, వారం తర్వాత అదే మధ్యాహ్నానికి అక్కడ నడుముల్లోతు నీళ్ళు ఉండొచ్చు. పైగా నీరు ఒకే వేగంతో పెరగదు. ఆటు నుంచి పోటుకి పట్టే ఆరు గంటల్లో మొదటి గంట చాలా నెమ్మది, మూడో గంట, నాలుగో గంట బాగా వేగం. పెరిగే నీటిలో సుమారు సగం ఆ రెండు గంటల్లోనే వచ్చేస్తుంది. వెడల్పాటి ఇసుక చూసి ధైర్యంగా దిగినవాళ్ళు సగం దూరంలో చిక్కుకుపోయేది ఇందుకే. పౌర్ణమికి, అమావాస్యకి దగ్గర రోజుల్లో ఈ హెచ్చుతగ్గులు ఇంకా ఎక్కువ.

మామూలు బీచ్‌లో అయితే నీరు పెరిగితే పక్కకి జరుగుతాం. కొండ కింద బీచ్‌లో పక్క అంటూ ఉండదు. ఒకవైపు నిలువు రాయి, ఇంకోవైపు నీళ్ళు. ముందు, వెనక కొండ మలుపు సముద్రంలోకి పొడుచుకొచ్చిన చోట నీరు అన్నిటికన్నా ముందు చేరుతుంది. అంటే రెండు తలుపులూ మూసుకున్న తర్వాతే మధ్యలో ఉన్నవాళ్ళకి విషయం తెలుస్తుంది. అప్పటికే ఆరు కిలోమీటర్లకి పైగా నడిచి అలసిపోయిన గుంపు, జారే రాళ్ళ మీద ఏడేళ్ళ పాపతో, 70 ఏళ్ళ పెద్దాయనతో ఎంత వేగంగా నడవగలదో మీరే ఆలోచించండి.

దానికి తోడు పైనుంచి రాళ్ళు పడే ప్రమాదం. అలలు కొండ అడుగు భాగాన్ని ఏళ్ళ తరబడి తొలుస్తాయి. అడుగు పోయాక పైనున్న రాయి కొంతకాలం అలాగే నిలబడి, ఒకరోజు విరిగిపడుతుంది. ఇంగ్లండ్‌లోని బీచీ హెడ్ దగ్గర 1999 జనవరిలో సుద్దరాతి కొండ నుంచి పెద్ద చరియ విరిగి సముద్రంలో పడింది. ఆస్ట్రేలియాలో ట్వెల్వ్ అపోసల్స్ అని పిలిచే రాతి స్తంభాల్లో ఒకటి 2005 జులైలో కుప్పకూలింది. లక్షలమంది ఫొటోలు తీసుకున్న మాల్టాలోని అజూర్ విండో అనే రాతి తోరణం 2017 మార్చి 8న తుపాను గాలుల్లో కూలిపోయింది. అవన్నీ కూలే ముందు రోజు వరకూ నిలబడే ఉన్నాయి. కొండ పాదం దగ్గర కొత్తగా విరిగిన రాళ్ళ కుప్పలు, వాటి రంగు పైన రాయి కంటే తాజాగా ఉండడం కనిపిస్తే అక్కడ తరచూ రాళ్ళు పడుతున్నట్టే లెక్క.

కాబట్టి బీచ్ దారి వద్దు. ఇందులో ఓటింగ్ పెట్టకండి. వెళ్ళిన దారినే తిరిగి రండి. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. చుట్టు తిరిగి వచ్చే దారిలో సగం దాటాక వెనక్కి తిరగడానికి మనసొప్పదు, ముందుకెళ్ళినా అంతే దూరం కదా అనిపిస్తుంది. వెళ్ళిన దారినే వచ్చేటప్పుడు ఏ క్షణంలోనైనా, ఏ అడుగు దగ్గరైనా తిరగొచ్చు. మీ గుంపుకి అన్నిటికన్నా కావలసింది ఆ వెసులుబాటే. మీ తమ్ముడితో మీరే మాట్లాడండి, అందరి ముందూ కాకుండా. ఆ రోజు పోటు వేళలు చూసి చెప్పమని అతన్నే అడగండి. లెక్కలు తనే చూసుకుంటే వాదన అక్కడితో ఆగిపోతుంది.

ఇక సమయం. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక సులువైన లెక్క చెప్పాడు. కొండదారుల్లో నడిచేవాళ్ళు ఇప్పటికీ వాడతారు. దూరానికి గంటకి సుమారు ఐదు కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకి అదనంగా ఒక గంట. మీ దారికి ఆ లెక్క వేస్తే రానూపోనూ 12 కిలోమీటర్లకి 2 గంటల 24 నిమిషాలు, 450 మీటర్ల ఎత్తుకి 45 నిమిషాలు. అంటే 3 గంటల 10 నిమిషాలు. మీ తమ్ముడు ‘మూడు గంటల పని’ అన్నా తప్పేం లేదు, అతనికి అంతే. కానీ అది ఆగకుండా నడిచే దృఢమైన మనిషి లెక్క. పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న గుంపుకి దాన్ని రెట్టింపు చేయాలి. ఆరున్నర గంటలవుతుంది. తినడానికి, ఆగడానికి, పైన కాసేపు కూర్చోడానికి ఇంకో గంట. ఏడున్నర గంటలు. ఉదయం ఆరున్నరకి మొదటి అడుగు పడితే మధ్యాహ్నం రెండింటికి కింద ఉంటారు. ఆరున్నర అంటే ఇంట్లోనో, గదిలోనో బయల్దేరే టైము కాదు, దారి మొదట్లో నడక మొదలయ్యే టైము. తొమ్మిది మంది ఒకేసారి తయారవడం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ లెక్కలోంచి ఒక గడువు పుడుతుంది. పదిన్నర అయ్యేసరికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. అంచు ఇంకా పదిహేను నిమిషాల దూరంలోనే ఉన్నా సరే. ఈ మాట ముందు రోజు రాత్రే, అందరూ కూర్చున్నప్పుడు, పిల్లలు కూడా వినేలా చెప్పేయండి. కొండ మీద, గమ్యం కనిపిస్తూ ఉండగా ఆ నిర్ణయం తీసుకోవడం ఎవరివల్లా కాదు. ‘ఇంకాస్తే కదా’ అని ఒకరంటారు, కాదనడానికి మిగతావాళ్ళకి మొహమాటం. ముందే అనుకున్న మాట ఉంటే ఎవరూ చెడ్డవాళ్ళు కానక్కర్లేదు. ఆ గడియారం బాధ్యత మీ ఆడపడుచుకి ఇవ్వండి. అంచు దాకా పోవాలన్న ఆత్రం లేని మనిషి ఆమె ఒక్కతే. ఆమె ‘టైమైంది’ అంటే అదే చివరి మాట కావాలి. ఇన్నాళ్ళూ ఆటపట్టించినవాళ్ళు ఆమె మాట వినాల్సి రావడం కూడా మంచిదే.

ఇప్పుడు మీ అమ్మగారి సంగతి. నేను చదివినంతలో ఆవిడ బాధపడింది పైకి వెళ్ళలేనని అన్నందుకు కాదు. తనని అడక్కుండానే తన సంగతి తేల్చేశారు, పైగా పాపని చూసుకునే పని కూడా అప్పగించేశారు. నడవలేనివాళ్ళ లెక్కలో వేసి, ఆ లెక్కకి ఒక డ్యూటీ తగిలించినట్టయింది. ఏ మనిషికైనా కష్టంగానే ఉంటుంది. అందుకని మొదట ఆ ఏర్పాటుని పూర్తిగా వెనక్కి తీసుకోండి. తీసుకున్నానని ఆవిడకి చెప్పండి కూడా. ఆ తర్వాత దారి ఎలా ఉంటుందో దాచకుండా, తగ్గించకుండా చెప్పి, నిర్ణయం ఆవిడకే వదిలేయండి.

ఇలా చెప్పి చూడండి, దారి వివరాలు మాత్రం మీకు తెలిసినట్టు మార్చుకోండి: ‘అమ్మా, నిన్ను అడక్కుండా మాట్లాడుకున్నాం, అది సరికాదు. దారి ఇదీ. మొదటి రెండున్నర కిలోమీటర్లు వాలు తక్కువ, నీడ ఉంటుంది. ఆ తర్వాత మెట్లలాంటి రాళ్ళు, ఎండ. దిగేటప్పుడు మోకాళ్ళ మీద బరువు ఎక్కువ పడుతుంది. నువ్వు అంతా రావచ్చు, సగం రావచ్చు, అసలు రాకపోవచ్చు. ఏదైనా సరే నువ్వే చెప్పు. ఎంతదాకా వచ్చినా నీతో ఒకరం ఉంటాం.’ ఇంతకుమించి బతిమాలొద్దు, నచ్చజెప్పొద్దు. కొన్ని రోజులు టైమివ్వండి.

ఆలోగా ఆవిడతో కలిసి ఒక చిన్న పరీక్ష కూడా చేయొచ్చు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు సాధారణంగా ఎక్కగలనా లేదా అని చూసుకుంటారు. ఎక్కడంలో ఆయాసం వస్తుంది, మోకాలిని ఇబ్బంది పెట్టేది మాత్రం దిగడం. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువుని ఆపాల్సి వస్తుంది. ఒక్కో అడుగూ బ్రేకు వేసినట్టే. ఆ శ్రమ అప్పటికప్పుడు తెలియదు, మర్నాడో మూడోనాడో బయటపడుతుంది. అందుకని ట్రెక్‌కి కనీసం పది రోజుల ముందు ఒక మూడు, నాలుగు కిలోమీటర్లు నడిచి, దాంతోపాటు ఎక్కువ మెట్లు దిగి చూడండి. ఆ సాయంత్రం ఎలా ఉందన్నది కాదు ముఖ్యం. తర్వాతి రెండు ఉదయాలు మోకాలు వాచిందా, బిగుసుకుపోయిందా, మెట్లు దిగేటప్పుడు పట్టుకోవాల్సి వస్తోందా అని చూడాలి. ఏమీ లేకపోతే చదునైన చోటు దాకా నిశ్చింతగా రావచ్చు, బహుశా ఇంకాస్త ముందుకి కూడా. వాపు వస్తే ఆ విషయం ఆవిడకే అర్థమవుతుంది, మీరు చెప్పనక్కర్లేదు. రెండు చేతులకీ ట్రెక్కింగ్ కర్రలు ఇవ్వండి. దిగేటప్పుడు మోకాళ్ళ మీద పడే భారంలో కొంత చేతులు మోస్తాయి. ఎక్కేటప్పుడు పొడవు కాస్త తగ్గించుకోవాలి, దిగేటప్పుడు పెంచుకోవాలి. ఆ నడక ముందుగా ఇంటి దగ్గరే అలవాటు చేసుకోవాలి.

ఆవిడ చదునైన చోటు దగ్గరే ఆగుతానంటే తోడు ఎవరు? నన్నడిగితే మీవారు ఉండాలి. ఆ మాట మొదట అన్నది ఆయనే కాబట్టి, తోడుగా కూర్చునేది కూడా ఆయనైతే ఆవిడ మనసులోని ముల్లు తీసేసినట్టవుతుంది. ఆయన అయిష్టంగా ఒప్పుకుంటే మాత్రం వద్దు. మాటిమాటికీ ఫోన్ చూసుకుంటూ కూర్చున్న అల్లుడి పక్కన ఆవిడకి ఇంకా ఇబ్బంది. అప్పుడు మీరే ఉండండి. పాప విషయం పాపది. పైకి రావాలనుందా, అమ్మమ్మ దగ్గర ఉండాలనుందా అని ఆ చోటికి చేరాక దాన్నే అడగండి.

మావయ్యగారి విషయంలో సమస్య ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. ఆవిడ తగ్గించుకుంటున్నారు, ఈయన తగ్గడం లేదు. ఆయన్ని వద్దనకండి, వాదించకండి. వెళ్ళే ముందు ఒకసారి డాక్టర్‌ని కలవమనండి. ‘450 మీటర్ల ఎత్తు, ఏడు గంటలు, ఎండలో’ అని వివరంగా చెప్పి అడగాలి. ‘కాస్త నడవొచ్చా’ అని అడిగితే ఏ డాక్టరైనా నడవమనే అంటారు. మాత్రల పేర్లు కూడా చూపించాలి. కొన్ని రకాల బీపీ మాత్రలు ఒంట్లోంచి నీటిని ఎక్కువగా బయటికి పంపుతాయి. ఎండలో, చెమటలో అది నీరసానికి, కళ్ళు తిరగడానికి దారి తీయొచ్చు. ఇంకొన్ని గుండె వేగాన్ని పెరగనివ్వవు. అలాంటప్పుడు నాడి చూసుకుని ‘మామూలుగానే ఉంది’ అనుకోవడం పనికి రాదు. ఆ రోజుకి మాత్ర మానేద్దాం, వచ్చాక వేసుకుందాం అనే ఆలోచన మాత్రం సొంతంగా చేయకూడదు.

దారిలో ఆయన శ్రమని కొలవడానికి మాటే మంచి కొలత. నడుస్తూ ఒక వాక్యం పూర్తిగా చెప్పగలుగుతుంటే వేగం సరిపోయింది. రెండు మాటలకోసారి ఊపిరి తీసుకుంటుంటే వేగం ఎక్కువైంది. ఆయన్ని గుంపుకి ముందు నడవమనండి, ఎవరూ ఆయన్ని దాటకూడదని నియమం పెట్టండి. దానివల్ల ఆయన మర్యాదా నిలుస్తుంది, గుంపు వేగమూ అదుపులో ఉంటుంది. వెనకే మీ మరదలు నడుస్తూ ఆయనతో కబుర్లు చెప్తూ ఉండాలి. జవాబులు పొట్టివవుతున్నాయంటే ‘నాకు ఆయాసంగా ఉంది మావయ్యగారూ, కాసేపు ఆగుదాం’ అని తన పేరు మీద ఆపాలి. ఛాతీలో బిగుతు, దవడకో చేతికో పాకే నొప్పి, చల్లటి చెమట, ఉన్నట్టుండి విపరీతమైన నీరసం, వీటిలో ఏది కనిపించినా నడక అక్కడితో ఆగిపోవాలి. నీడలో కూర్చోబెట్టి వెంటనే సహాయానికి ఫోన్ చేయాలి. ‘గ్యాస్ అయ్యుంటుంది’ అని ఆయనే అన్నా వినొద్దు.

మీ తమ్ముడు చివర్లో నడవాలి. ఇది శిక్షలా కాకుండా పనిలా చెప్పండి. గుంపులో అందరికన్నా బలమైనవాడు వెనక ఉండడమే సరైన పద్ధతి. ఎవరి షూ లేసు ఊడినా, ఎవరు వెనకబడినా చూసేది అతనే. దారి చీలిన ప్రతిచోటా అందరూ చేరేదాకా ఆగాలి. ఇంకో ముఖ్యమైన విషయం. చాలా కుటుంబాల నడకల్లో ఒక అన్యాయం తెలియకుండానే జరుగుతుంది. వేగంగా వెళ్ళినవాళ్ళు ఒక రాయి మీద కూర్చుని పది నిమిషాలు సేదదీరతారు. నెమ్మదిగా వచ్చేవాళ్ళు వగరుస్తూ అక్కడికి చేరగానే, ‘హమ్మయ్య వచ్చేశారా, పదండి’ అని లేస్తారు. విశ్రాంతి అక్కర్లేనివాళ్ళకి విశ్రాంతి, కావలసినవాళ్ళకి ఏమీ లేదు. రోజంతా ఇలాగే జరిగితే వెనకున్నవాళ్ళకి కాళ్ళకన్నా ముందు మనసు అలసిపోతుంది. ఆఖరి మనిషి చేరి కూర్చున్నాకే విరామం మొదలైనట్టు లెక్క.

అంచు దగ్గర సంగతి బాబుతో విడిగా మాట్లాడండి. పద్నాలుగేళ్ళ వయసులో భయపెడితే పనిచేయదు, కారణం చెప్తే వింటారు. కొండ అంచు పైనుంచి చూస్తే గట్టి నేలలా, గడ్డితో కనిపిస్తుంది. కింద అలలు తొలిచేసి ఉంటే ఆ గడ్డి కింద మట్టి తప్ప ఏమీ ఉండకపోవచ్చు. అంచుకి సమాంతరంగా నేలలో సన్నటి పగుళ్ళు కనిపిస్తే, పగులు అవతలి ముక్క విడిపోవడం మొదలైనట్టే. వాన పడిన తర్వాత ఇంకా ప్రమాదం. గాలి కూడా అక్కడ వేరుగా ప్రవర్తిస్తుంది. సముద్రం మీంచి వచ్చి కొండ గోడకి కొట్టుకున్న గాలి పైకి లేచి, అంచు దగ్గర సుడులు తిరుగుతుంది. నాలుగడుగులు వెనక ప్రశాంతంగా ఉన్నచోట నిలబడి అంచనా వేయలేం. 2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు వరకు ప్రపంచమంతటా వార్తల్లో వచ్చిన సెల్ఫీ ప్రమాదాలని లెక్కగట్టిన ఒక అధ్యయనంలో 259 మరణాలు తేలాయి. నీళ్ళలో మునగడం, ఎత్తు నుంచి పడడం అందులో పెద్ద కారణాలు. ఫొటో తీసుకోవద్దని అనకండి. కూర్చుని తీసుకోవాలి, ఫోన్ చూస్తూ వెనక్కి అడుగు వేయకూడదు, కంచె ఉంటే దాటకూడదు, లేకపోతే అంచుకి కనీసం పది అడుగులు ఇవతలే ఉండాలి. చివరి అర కిలోమీటరు పాప చెయ్యి పెద్దవాళ్ళలో ఒకరి చేతిలోనే ఉండాలి. ఆ ఒకరి పేరు ముందే అనుకోండి. ‘అందరం చూసుకుంటాంలే’ అంటే ఎవరూ చూడరు.

మీ ఆడపడుచు భయం పిరికితనం కాదని ఇంట్లోవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలి. మనం నిలబడినప్పుడు ఒళ్ళు కొద్దిగా ఊగుతూనే ఉంటుంది. చుట్టూ దగ్గరలో ఉన్న చెట్లనో, గోడలనో కళ్ళు ఆధారంగా తీసుకుని మెదడు ఆ ఊగుని సరిచేస్తుంది. ఎత్తైన అంచు దగ్గర ఎదురుగా దగ్గరి వస్తువేదీ ఉండదు, అంతా దూరపు నీరు, ఆకాశమే. కళ్ళకి పట్టు దొరక్క ఊగు పెరుగుతుంది. అది ప్రతి మనిషికీ జరిగేదే, కొందరికి ఎక్కువగా తెలుస్తుంది. అలాంటప్పుడు కూర్చోవాలి, లేదా కదలని దాన్ని చేత్తో పట్టుకోవాలి, దగ్గరున్న రాయినో మొక్కనో చూడాలి. చెయ్యి పట్టుకుని లాగడం, వెనక నుంచి సరదాకి తోయబోయినట్టు నటించడం, ఇవి ఎవరూ చేయకూడదు. ముఖ్యంగా మీ బాబు, మీ తమ్ముడు. ఆమె అంచుకి యాభై అడుగుల దూరంలో కూర్చుని సముద్రాన్ని చూస్తానంటే అదీ సముద్రమే.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. ఎండలో గంటకి మనిషికి సుమారు అర లీటరు నీళ్ళు లెక్క వేసుకోండి. వట్టి నీళ్ళే కాకుండా ఓఆర్ఎస్, ఉప్పు తగిలే తిండి కూడా ఉండాలి. మావయ్యగారి విషయంలో మాత్రం ఉప్పు, నీళ్ళు ఎంతన్నది డాక్టర్ మాట ప్రకారం. సముద్రపు గాలికి చెమట ఎప్పటికప్పుడు ఆరిపోయి ఎండ తగుల్తున్నట్టే తెలియదు, దాహం వేసేదాకా ఆగకండి. ఎండలో ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకి చేర్చి ఒళ్ళంతా తడిపి విసురుతూ సహాయం పిలవాలి. ఆ రోజు కోసం కొత్త షూ కొనొద్దు, కొన్నా రెండు వారాలు తొడిగి నడిచాకే. మడమ దగ్గర రాపిడి మొదలైన క్షణంలోనే ఆగి ప్లాస్టర్ అంటించాలి, బొబ్బ వచ్చాక ఎవరూ ఏమీ చేయలేరు. దారి మ్యాప్ ఫోన్‌లో ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, సిగ్నల్ ఉంటుందని నమ్మకండి. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో రాని బంధువు ఒకరికి చెప్పి వెళ్ళండి. ఒక్కో విజిల్ అందరి మెడలో వేయండి, పాపకి కూడా. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఊదడం కొండల్లో సహాయం కోరే గుర్తు. విన్నవాళ్ళు నిమిషానికి మూడుసార్లు ఊది జవాబిస్తారు. పాపకి ఇది నేర్పితే దారంతా అదే ఆట అవుతుంది, అది కూడా మంచిదే. పిల్లలు అలసట కన్నా విసుగుతోనే ఎక్కువ ఆగిపోతారు.

చివరిగా వాతావరణం. ముందు రోజు సాయంత్రం ఒకసారి, ఉదయం ఒకసారి చూడండి. ఉరుములు ఉన్నాయంటే వెళ్ళొద్దు, చెట్టూచేమా లేని కొండ అంచు మీద పిడుగుకి మనుషులే ఎత్తైన వస్తువులు. గాలి ఉధృతి గంటకి 40 కిలోమీటర్లు దాటుతుందని సూచన ఉంటే పిల్లలతో, పెద్దవాళ్ళతో నేనైతే అంచు దాకా వెళ్ళను. ఆ రోజు అందరూ ఆ చదునైన చోటు దాకానే వెళ్ళండి, అక్కడే తిని, అక్కడే మధ్యాహ్నం దాకా గడిపి రండి. ఈ రెండో ప్లాన్‌ని కూడా ముందు రోజు రాత్రే అందరికీ చెప్పేయండి. వీలైతే సెలవుల్లో వరసగా రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి, ఒకటి కాకపోతే ఇంకొకటి ఉంటుంది.